సంజ్ఞాన శాస్త్రంలో స్నాతకోత్తర విద్య: చారిత్రక పరిణామం, భాషాధ్యయన స్థానం

వ్యాససంగ్రహం:
మనస్సు ఎలా పనిచేస్తుందన్న ప్రశ్నను అనేక శాస్త్రాల సహాయంతో పరిశీలించే విద్య సంజ్ఞాన శాస్త్రం (కాగ్నిటివ్ సైన్స్). 1956 ప్రాంతంలో మొలకెత్తిన ఈ ఆలోచన 1970లలో పేరును, పత్రికను, సంఘాన్ని సంపాదించుకొని, ఆ తర్వాత విశ్వవిద్యాలయ పాఠ్యాంశంగా మారింది. భారతదేశంలో ఇది ప్రధానంగా స్నాతకోత్తర స్థాయిలో వేళ్ళూనుకొంది. ఈ శాస్త్ర నిర్మాణంలో భాషాశాస్త్రానికి, మానవశాస్త్రానికి మొదట దక్కిన స్థానం క్రమంగా ఎలా కుంచించుకుపోయిందో, భారతీయ భాషల అధ్యయనం ఆ లోటును ఎంతవరకు పూరించగలదో ఈ వ్యాసం చారిత్రక దృష్టితో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సంజ్ఞాన శాస్త్రం, స్నాతకోత్తర విద్య, భాషాశాస్త్రం, ప్రవర్తనావాదం, ద్విభాషిత్వం, అక్షర లిపి, తెలుగు.

1. ప్రవేశిక:

విశ్వవిద్యాలయాలలో చాలా శాస్త్రాలకు బి.ఏ., బి.ఎస్సీ. స్థాయిలోనే పునాది పడుతుంది. రసాయన శాస్త్రంలో ఎం.ఎస్సీ. చేసే విద్యార్థి అంతకుముందు మూడేళ్ళు ఆ శాస్త్రాన్నే చదివి ఉంటాడు. తెలుగులో ఎం.ఏ. చేసేవారికీ సాధారణంగా డిగ్రీలో భాషాసాహిత్యాల పరిచయం ఉంటుంది. సంజ్ఞాన శాస్త్రం పరిస్థితి వేరు. ఒకే తరగతిలో ఇంజనీరింగ్ చదివినవారు, మనోవిజ్ఞానం చదివినవారు, జీవశాస్త్రం చదివినవారు, భాషాశాస్త్రమో తత్త్వశాస్త్రమో చదివినవారు పక్కపక్కన కూర్చుంటారు. వారిలో ఎవరికీ ఆ శాస్త్రం మొత్తంగా తెలిసి ఉండదు. ఎవరికి తెలిసిన భాగం మరొకరికి కొత్త.

ఈ విచిత్ర పరిస్థితికి కారణం ఆ శాస్త్రం పుట్టిన తీరులోనే ఉంది. అందువల్ల స్నాతకోత్తర పాఠ్యప్రణాళికను అర్థం చేసుకోవాలంటే ముందుగా ఆ శాస్త్ర చరిత్రను తెలుసుకోవాలి.

2. 1956: ఒకే ప్రశ్న వద్దకు చేరిన శాస్త్రాలు:

ఇరవయ్యో శతాబ్దం తొలి అర్ధభాగంలో అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రాన్ని ప్రవర్తనావాదం ఏలింది. 1913లో జాన్ బి. వాట్సన్ ప్రతిపాదించిన ఈ వాదం ప్రకారం శాస్త్రజ్ఞుడు పరిశీలించదగినవి బయటికి కనిపించే ఉద్దీపన, దానికి కలిగే ప్రతిస్పందన మాత్రమే. ఆలోచన, స్మృతి, ఉద్దేశం వంటివి కంటికి కనిపించవు కనుక వాటి ప్రసక్తి శాస్త్రానికి తగదని ఆ వాదులు భావించారు.

ఈ నిషేధాన్ని మొదట గట్టిగా ప్రశ్నించినవారిలో కార్ల్ లాష్లీ ఒకరు. 1948లో కాలిఫోర్నియాలో జరిగిన హిక్సన్ సదస్సులో ఆయన వరుసక్రమ సమస్యను లేవనెత్తారు. మాట్లాడడం, సంగీత వాద్యాన్ని వాయించడం వంటి పనులలో ఒక్కొక్క చర్య తన ముందరి చర్య వల్ల మాత్రమే పుడుతుందనుకుంటే వాటి వేగాన్ని, క్రమాన్ని వివరించడం సాధ్యం కాదని, మొత్తం చర్యకు ముందే ఒక ప్రణాళిక ఉండి తీరాలని ఆయన వాదించారు.

తెలుగు వాక్యమే ఇందుకు మంచి ఉదాహరణ. "సీత నిన్న తన అన్నతో కలిసి ఊరికి వెళ్ళింది" అన్న వాక్యంలో క్రియకు దగ్గరగా ఉన్న మనుష్యవాచకం 'అన్న'. అయినా క్రియ 'వెళ్ళాడు' కాలేదు. వాక్యం మొదట్లో ఉన్న 'సీత'ను అనుసరించి 'వెళ్ళింది' అయింది. పదం వెంట పదం గొలుసులా పుడుతుందనుకొంటే ఈ అన్వయాన్ని వివరించలేం. వక్త మనస్సులో వాక్య నిర్మాణమంతా ఏదో ఒక రూపంలో నిలిచి ఉండాలి.

ఈ రకమైన వాదానికి గణిత రూపం ఇచ్చినవారు నోమ్ చామ్‌స్కీ. 1956 సెప్టెంబరు 10 నుంచి 12 వరకు మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సమాచార సిద్ధాంతంపై ఒక సదస్సు జరిగింది. అందులో చామ్‌స్కీ భాషా వర్ణనకు మూడు నమూనాలను పోల్చిచూపారు. అదే సదస్సులో అలెన్ న్యూవెల్, హెర్బర్ట్ సైమన్ తర్కశాస్త్ర సిద్ధాంతాలను నిరూపించే కంప్యూటర్ ప్రోగ్రామును వివరించారు. జార్జ్ మిల్లర్ స్వల్పకాలిక స్మృతి పరిమితుల గురించి ప్రసంగించారు. చాలా ఏళ్ళ తర్వాత, 2003లో, ఈ చరిత్రను రాస్తూ మిల్లర్ సంజ్ఞాన శాస్త్రం పుట్టిన రోజుగా 1956 సెప్టెంబరు 11ను పేర్కొన్నారు. కృత్రిమ మేధకు ఆ పేరు స్థిరపడిన డార్ట్‌మత్ వేసవి సమావేశం కూడా ఆ ఏడాదే జరిగింది.

ఒకేసారి మనస్సులో నిలుపుకోగల అంశాలు సుమారు ఏడని, ఆ అంశాలను గుదిగుచ్చుకొంటే స్మృతి శక్తి పెరుగుతుందని మిల్లర్ 1956లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసం సారాంశం. ఛందస్సు నేర్చుకొనే తెలుగు విద్యార్థికి ఇది అనుభవంలో ఉన్న విషయమే. 'యమాతారాజభానసలగం' అన్న సూత్రంలో పది అక్షరాలున్నా, వల్లెవేసినవారికి అది ఒకే మాటగా నిలుస్తుంది. ఆ ఒక్క మాటలోనే ఎనిమిది గణాలూ ఇమిడి ఉంటాయి.

1957లో బి.ఎఫ్. స్కిన్నర్ భాషను ప్రవర్తనావాద దృష్టితో వివరిస్తూ గ్రంథం వెలువరించగా, 1959లో చామ్‌స్కీ దానిని తీవ్రంగా విమర్శించారు. 1960లో మిల్లర్, జెరోమ్ బ్రూనర్ కలిసి హార్వర్డ్‌లో సంజ్ఞాన అధ్యయన కేంద్రాన్ని స్థాపించారు. 1967లో ఉల్రిక్ నైసర్ 'కాగ్నిటివ్ సైకాలజీ' అన్న గ్రంథంతో మనోవిజ్ఞానంలో ఈ కొత్త శాఖకు పాఠ్యపుస్తకం సమకూర్చారు. ఈ తొలి ఘట్టంలో భాష గురించిన ప్రశ్నే ప్రవర్తనావాదాన్ని కదిలించిన ప్రధాన బలాలలో ఒకటి.

3. పేరు, పత్రిక, షడ్భుజి:

'కాగ్నిటివ్ సైన్స్' అన్న పేరును 1973లో క్రిస్టఫర్ లాంగ్వెట్-హిగ్గిన్స్ వాడుకలోకి తెచ్చారని చరిత్రకారులు చెబుతారు. బ్రిటన్‌లో కృత్రిమ మేధ పరిశోధనను విమర్శిస్తూ జేమ్స్ లైట్‌హిల్ సమర్పించిన నివేదికపై వ్యాఖ్యానించే సందర్భంలో ఆయన ఈ పదాన్ని ఉపయోగించారు. యంత్రాలను తయారుచేయడం కన్నా మనిషి మేధను అర్థం చేసుకోవడమే ఈ కృషికి అసలు సార్థకత అన్నది ఆయన దృష్టి.

1977లో 'కాగ్నిటివ్ సైన్స్' పత్రిక మొదలైంది. 1979లో కాలిఫోర్నియాలోని లా హోయాలో ఈ శాస్త్ర సంఘం తొలి సమావేశం జరిగింది. ఈ రెండింటి మధ్య, 1978లో, ఆల్‌ఫ్రెడ్ పి. స్లోన్ ఫౌండేషన్ కోసం తయారైన నివేదికలో ఒక చిత్రం ఉంది. ఆరు మూలల్లో ఆరు శాస్త్రాలు: తత్త్వశాస్త్రం, భాషాశాస్త్రం, మానవశాస్త్రం, నాడీశాస్త్రం, కంప్యూటర్ శాస్త్రం, మనోవిజ్ఞాన శాస్త్రం. ఏ రెండు శాస్త్రాలను కలుపుతూ అప్పటికే పరిశోధన సాగుతోందో వాటి మధ్య ఒక గీత. ఆరు శాస్త్రాల మధ్య పదిహేను గీతలకు అవకాశం ఉండగా నాటికి పదకొండు మాత్రమే గీయగలిగారు.

ఈ చిత్రంలో భాషాశాస్త్రం నుంచి మిగిలిన అయిదు శాస్త్రాలకూ గీతలున్నాయి. నాడీ భాషాశాస్త్రం, మనో భాషాశాస్త్రం, గణన భాషాశాస్త్రం, మానవశాస్త్రీయ భాషాశాస్త్రం, భాషా తత్త్వశాస్త్రం ఆ అయిదు. మనోవిజ్ఞానానికి తప్ప మరే ఇతర శాస్త్రానికీ ఇంతటి అనుసంధానం లేదు. మానవశాస్త్రానికి మాత్రం మూడే గీతలున్నాయి. ఆనాటి పటంలోనే ఏ భుజం బలమైనదో, ఏది బలహీనమైనదో కనిపిస్తుంది.

4. పరిశోధన నుంచి బోధనకు:

పరిశోధకులు కలిసి పనిచేయడం ఒక ఎత్తు, ఆ కలయికను విద్యార్థులకు బోధించడం మరొక ఎత్తు. 1982లో అమెరికాలోని వాసర్ కళాశాల సంజ్ఞాన శాస్త్రంలో డిగ్రీ కోర్సును ప్రవేశపెట్టింది. 1986లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఈ శాస్త్రానికి ప్రత్యేక శాఖను ఏర్పరచింది. అమెరికాలో డిగ్రీ విద్యార్థి అనేక శాఖల నుంచి పాఠ్యాంశాలను ఎంచుకొనే వీలున్నందువల్ల ఈ శాస్త్రం డిగ్రీ స్థాయిలోనే నిలదొక్కుకోగలిగింది.

బ్రిటన్‌లోని ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో లాంగ్వెట్-హిగ్గిన్స్ వంటివారి కృషితో మొదలైన సంప్రదాయం సంజ్ఞాన శాస్త్ర కేంద్రంగా రూపొంది, సంజ్ఞాన శాస్త్రాన్ని, సహజ భాషను జోడించి ఎం.ఎస్సీ. కోర్సును నడిపింది. 1998లో ఆ కేంద్రం, కృత్రిమ మేధ శాఖ, కంప్యూటర్ శాస్త్ర శాఖ కలిసి ఇన్‌ఫర్మాటిక్స్ విభాగంగా మారాయి. సంస్థల పేర్లు మారినప్పుడు శాస్త్రాల బరువూ మారుతుంది. భాష పక్కన మనస్సు నిలిచిన చోట క్రమంగా గణన ప్రధాన స్థానానికి వచ్చింది.

5. భారతదేశంలో సంజ్ఞాన శాస్త్రం:

జ్ఞానం ఎలా కలుగుతుందన్న విచారణ భారతీయులకు కొత్తది కాదు. ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన 'తర్కసంగ్రహం' బుద్ధిని స్మృతి, అనుభవం అని విభజించి, యథార్థానుభవాన్ని ప్రత్యక్షం, అనుమితి, ఉపమితి, శాబ్దం అని నాలుగు విధాలుగా వివరించింది. అయితే ఈ విభాగాన్ని నేటి సంజ్ఞాన శాస్త్రంతో సమానం చేయడం తగదు. న్యాయశాస్త్రం అడిగింది ఏ జ్ఞానం ప్రమాణమని. ప్రయోగశాల అడిగేది ఆ జ్ఞానం ఎంత సమయంలో, ఏ ప్రక్రియ ద్వారా కలుగుతుందని. ప్రశ్నలు ఇరుగుపొరుగువే గాని ఒకటి కావు.

ప్రయోగాత్మక మనోవిజ్ఞానం 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో ప్రత్యేక శాఖగా ప్రారంభమైంది. సంజ్ఞాన శాస్త్రం విషయంలో ముఖ్యమైన మలుపు 2002లో వచ్చింది. ఆ సంవత్సరం అలహాబాద్ విశ్వవిద్యాలయంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం సహాయంతో ప్రవర్తనా సంజ్ఞాన శాస్త్రాల కేంద్రం ఏర్పడి, స్నాతకోత్తర బోధనను, పరిశోధనను చేపట్టింది. 2013లో గాంధీనగర్ ఐ.ఐ.టి. సంజ్ఞాన శాస్త్రంలో రెండేళ్ళ ఎం.ఎస్సీ. ప్రారంభించింది. ఆ తర్వాత ఢిల్లీ ఐ.ఐ.టి. కూడా ఈ బాటలో నడిచింది. కాన్పూర్ ఐ.ఐ.టి.లో ప్రత్యేక శాఖ వెలసింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో నాడీ సంజ్ఞాన శాస్త్రాల కేంద్రం, ట్రిపుల్ ఐ.టి. హైదరాబాద్‌లో సంజ్ఞాన శాస్త్ర ప్రయోగశాల పనిచేస్తున్నాయి.

ఈ జాబితాలో ఎక్కువ భాగం స్నాతకోత్తర, పరిశోధన స్థాయి సంస్థలే కావడం యాదృచ్ఛికం కాదు. మన దేశంలో ఇంటర్మీడియట్ నాటికే విద్యార్థి ఏదో ఒక గ్రూపులో చేరిపోతాడు. ఎం.పి.సి. చదివినవాడు భాషాశాస్త్రం ముఖం చూడడు, హెచ్.ఇ.సి. చదివినవాడు గణాంకాల జోలికి పోడు. ఇన్నేళ్ళు విడివిడిగా నడిచిన దారులు కలుసుకోవడానికి మిగిలిన తొలి కూడలి ఎం.ఎస్సీ. మాత్రమే.

6. పాఠ్యప్రణాళిక, విద్యార్థి మోసే భారం:

స్నాతకోత్తర పాఠ్యప్రణాళికలో సాధారణంగా మూడు పొరలు కనిపిస్తాయి. మొదటిది విషయ పరిచయం. ఇంద్రియ గ్రహణం, అవధానం, స్మృతి, భాష, నిర్ణయం, చైతన్యం వంటి అంశాలు ఇందులో ఉంటాయి. రెండవది పద్ధతులు. ప్రయోగ రచన, గణాంక శాస్త్రం, కంప్యూటర్ ప్రోగ్రామింగ్, మెదడు విద్యుత్ తరంగాల నమోదు (ఇ.ఇ.జి.), కంటి కదలికల నమోదు మొదలైనవి ఈ కోవకు చెందుతాయి. మూడవది పరిశోధన ప్రాజెక్టు. మొదటి రెండు పొరలలో నేర్చుకొన్నది ఒక స్వతంత్ర ప్రశ్నకు అన్వయించవలసింది ఇక్కడే.

శాస్త్రాల కలయిక గురించి ఉపన్యసించడం తేలిక. దానిని సాధించవలసిన భారం మాత్రం ఇరవై రెండేళ్ళ విద్యార్థి మీద పడుతుంది. ఇంజనీరింగ్ నుంచి వచ్చినవారికి ప్రోగ్రామింగ్ కొట్టిన పిండి. కానీ ధ్వనికి, వర్ణానికి ఉన్న తేడా ఎందుకు ముఖ్యమో వారికి వెంటనే బోధపడదు. భాషాధ్యయనం నుంచి వచ్చినవారికి ఆ తేడా సులువుగా తెలుస్తుంది గాని, గణాంక పరీక్ష ఫలితాన్ని చదవడానికి తొలి అర్ధసంవత్సరమంతా కష్టపడవలసి వస్తుంది. తెలుగు మాధ్యమంలో చదివినవారికి దీనితోపాటు ఆంగ్లమూ అడ్డుగోడే. రెండేళ్ళ కాలంలో మొదటి ఏడాది లోటు పూడ్చుకోవడానికే సరిపోతే, తమకు తెలిసిన విద్యను ఈ శాస్త్రానికి ఇవ్వడానికి మిగిలే సమయం చాలా తక్కువ.

పరిణామం ఊహించదగినదే. పద్ధతులు ముందే తెలిసినవారు నిలదొక్కుకొంటారు. విషయం తెలిసి పద్ధతులు తెలియనివారు వెనుకబడతారు, లేదా అసలు దరఖాస్తే చేయరు. ప్రవేశ నిబంధనలు ఏ డిగ్రీ చదివినవారికైనా తలుపు తెరిచినా, గడప ఎత్తు అందరికీ ఒకటి కాదు.

7. బలహీనపడిన భుజాలు:

ఇది భారతదేశానికే పరిమితమైన సమస్య కాదు. 2019లో రఫాయెల్ నూన్యెస్, ఆయన సహ పరిశోధకులు 'నేచర్ హ్యూమన్ బిహేవియర్' పత్రికలో సంజ్ఞాన శాస్త్ర స్థితిగతులను సమీక్షించారు. ప్రచురణలను, అధ్యాపకుల విద్యా నేపథ్యాన్ని, పాఠ్యప్రణాళికలను పరిశీలించి, ఆరు శాస్త్రాలు ఒక సమగ్ర శాస్త్రంగా రూపొందలేదని, మనోవిజ్ఞానమే పైచేయి సాధించిందని వారు తేల్చారు. ఈ నిర్ణయంతో ఏకీభవించనివారూ ఉన్నారు. బహుళత్వమే ఈ శాస్త్రానికి బలమని వారి వాదన. అంతకుముందు 2012లోనే సియెగార్డ్ బెల్లర్, ఆంద్రెయా బెండర్, డగ్లస్ మెడిన్ ఈ శాస్త్రంలో మానవశాస్త్రానికి అసలు చోటుందా అన్న చర్చను లేవదీశారు.

ఒక భుజం బలహీనపడితే నష్టం ఆ శాస్త్రానికే పరిమితం కాదు. 2008లో జెఫ్రీ ఆర్నెట్ ప్రముఖ అమెరికన్ మనోవిజ్ఞాన పత్రికలను పరిశీలించారు. వాటిలోని ప్రయోగాలలో పాల్గొన్నవారిలో 96 శాతం మంది ప్రపంచ జనాభాలో 12 శాతమే ఉన్న పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవారని తేలింది. 2010లో జోసెఫ్ హెన్రిక్, ఆయన సహచరులు ఈ లోపాన్ని మరింత విస్తృతంగా చర్చించారు. మానవ మనస్సు అని ప్రకటించిన సిద్ధాంతాలలో ఎన్ని నిజంగా మానవులందరివో తెలియాలంటే ఇతర భాషలు, ఇతర లిపులు, ఇతర జీవనరీతులు పరిశీలనలోకి రావాలి.

8. తెలుగు నేల నుంచి లభించిన ఆధారాలు:

భాషాభుజం నుంచి ఈ శాస్త్రానికి ఏమి చేకూరుతుందో చెప్పడానికి కొన్ని నిదర్శనాలు చాలు.

మొదటిది ద్విభాషిత్వం. రెండు భాషలు మాట్లాడేవారికి మతిభ్రంశ వ్యాధి (డిమెన్షియా) లక్షణాలు ఆలస్యంగా కనిపిస్తాయని 2007లో ఎలెన్ బియాలిస్టాక్ బృందం కెనడాలో గుర్తించింది. అయితే అక్కడి ద్విభాషులలో వలస వచ్చినవారు ఎక్కువ కనుక ఆ తేడా భాష వల్లనా, వలస వల్లనా అన్న సందేహం మిగిలిపోయింది. హైదరాబాద్‌లో ఆ చిక్కు లేదు. తెలుగు, ఉర్దూ, దక్కనీ, హిందీ, ఆంగ్లం ఇక్కడి వీధుల్లో కలిసి వినిపిస్తాయి. రెండు భాషలు మాట్లాడడానికి ఎవరూ వలస రానక్కరలేదు. సువర్ణ అల్లాడి నాయకత్వంలో నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో 648 మంది రోగుల వివరాలను పరిశీలించి 2013లో 'న్యూరాలజీ' పత్రికలో ఫలితాలను ప్రకటించారు. వారిలో 391 మంది ద్విభాషులు. ఏకభాషుల కన్నా ద్విభాషులకు వ్యాధి సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువుకోనివారిలోనూ ఈ తేడా కనిపించింది. ఆ వ్యాస రచయితలలో వైద్యులతోపాటు భాషాశాస్త్రజ్ఞులు, గణన శాస్త్రజ్ఞులు కూడా ఉన్నారు. తర్వాత వివిధ దేశాలలో జరిగిన అధ్యయనాలన్నీ ఇదే ఫలితాన్ని ఇవ్వకపోయినా, హైదరాబాద్ పరిశోధన ఆ చర్చను మలుపు తిప్పింది.

రెండవది లిపి. పఠన సిద్ధాంతాలు ఎక్కువగా ఆంగ్లం ఆధారంగా నిర్మితమయ్యాయి. తెలుగులో 'స్త్రీ' ఒకే అక్షరం, అందులో నాలుగు వర్ణాలున్నాయి. చదివే బిడ్డ అక్షరాన్నీ గుర్తించాలి, వర్ణాన్నీ విడదీయగలగాలి. తెలుగు లిపికి సోదర లిపియైన కన్నడాన్ని చదివే పిల్లలపై సొనాలి నాగ్ 2007లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, అక్షర పరిజ్ఞానం ప్రాథమిక తరగతులలో ఏళ్ళ తరబడి విస్తరిస్తూనే ఉంటుంది, వర్ణ స్పృహ నెమ్మదిగా ఏర్పడుతుంది. ఆంగ్ల బాలల కొలతతో తెలుగు బాలుణ్ణి కొలిచి వెనుకబడ్డాడని తీర్పు చెప్పడం ఎంత పొరపాటో దీనివల్ల అర్థమవుతుంది. ఇది సిద్ధాంత చర్చ మాత్రమే కాదు, తరగతి గదిలో ఒక బిడ్డ భవిష్యత్తుకు సంబంధించిన విషయం.

మూడవది వ్యాకరణం, గణనం. పాణినీయ దృష్టితో భారతీయ భాషలను కంప్యూటర్‌కు అందించే కృషి కాన్పూర్ ఐ.ఐ.టి.లో మొదలై హైదరాబాద్‌కు విస్తరించింది. ఆ క్రమంలో రూపొందిన 'అనుసారక' వ్యవస్థలు తెలుగు మొదలైన భాషల పాఠాన్ని హిందీలో అందించాయి. ప్రత్యయాలు సమృద్ధిగా ఉండి, పదక్రమం సడలి ఉండే భాషలకు కారక సంబంధాలే వాక్యానికి వెన్నెముక అని ఆ కృషి చూపింది.

నాలుగవది పదసంపద. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వెలువరించిన వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశం, 1971లో వచ్చిన చేనేత పదకోశం నిఘంటువులుగానే ప్రసిద్ధం. ఒక వృత్తిలోని మనుషులు తమ లోకాన్ని ఏ వర్గాలుగా విభజించుకొంటారో తెలిపే ఆధారాలుగా వాటిని చదివితే, అవి భాషాశాస్త్రానికి, మానవశాస్త్రానికి మధ్య గీసిన గీత మీదనే నిలుస్తాయి. సంజ్ఞాన శాస్త్ర విద్యార్థికి అవి ఇంకా పాఠ్యగ్రంథాలు కావలసే ఉంది.

9. ముగింపు:

* ప్రవర్తనావాదాన్ని కదిలించిన ప్రశ్నలలో భాష గురించిన ప్రశ్న ప్రధానమైనది. 1978 నాటి పటంలో మిగిలిన అయిదు శాస్త్రాలతోనూ భాషాశాస్త్రానికి అనుసంధానం ఉంది. కాబట్టి సంజ్ఞాన శాస్త్రంలో భాషాధ్యయనం మూలస్తంభమే గాని అతిథి కాదు.
* అమెరికాలో డిగ్రీ స్థాయిలోనే స్థిరపడిన ఈ శాస్త్రం, చదువు చిన్న వయసులోనే శాఖలుగా చీలిపోయే మన దేశంలో ప్రధానంగా స్నాతకోత్తర స్థాయిలో నిలదొక్కుకొంది. అందువల్ల శాస్త్రాల అనుసంధాన భారం రెండేళ్ళ కోర్సు మీద, అంతిమంగా విద్యార్థి మీద పడుతోంది.
* ఈ భారాన్ని సంస్థలు పంచుకోవాలి. గణాంకాలు, ప్రోగ్రామింగ్ తెలియనివారికి ప్రారంభంలో వారధి పాఠాలు ఎంత అవసరమో, భాషానిర్మాణం, క్షేత్ర పరిశోధన తెలియనివారికీ అటువంటి పాఠాలు అంతే అవసరం. లోటు ఒక పక్షానిదే అనుకోవడం ఈ శాస్త్ర చరిత్రకు విరుద్ధం.
* తెలుగు శాఖలు తమ ఎం.ఏ. పాఠ్యప్రణాళికలో మనో భాషాశాస్త్రానికి, ప్రాథమిక గణాంకాలకు ఒక్కొక్క పత్రాన్ని కేటాయించగలిగితే గడప ఎత్తు కొంత తగ్గుతుంది.
* ద్విభాషిత్వం, అక్షర లిపి, కారక వ్యవస్థ, వృత్తి పదసంపద వంటి రంగాలలో తెలుగు సమాజం ఈ శాస్త్రానికి ఇవ్వగలిగినది ఎంతో ఉంది. వాటిని ప్రశ్నలుగా మలచగలిగేది ఆ భాషలో పెరిగి, ఆ పద్ధతులు నేర్చిన విద్యార్థి మాత్రమే. అటువంటి విద్యార్థి తరగతి గది దాకా రాకపోతే, మనస్సు గురించిన శాస్త్రం కొద్దిమంది మనస్సుల శాస్త్రంగానే మిగిలిపోతుంది.